నీలాల షెడ్డు

మా తాత తోళ్లు శుద్ధి చేసేవాడు. గుంటూరు జిల్లాలో మా పల్లె చివర సున్నపు గోలేలు, తంగేడు చెక్క నానబోసి తోళ్లు ఊరేసే లంద, ఆ పక్కనే మా ఇల్లు. ఆ వాసనలోంచి బయటపడాలనే మా నాన్న మిషను బడిలో చదివి పంతులయ్యాడు. నన్ను పట్టుబట్టి బీయస్సీ చదివించాడు. అంత చదువూ చదివి, విమానమెక్కి అమెరికా పోయి నేను వెలగబెట్టింది ఏమిటయ్యా అంటే, తోళ్లు గీకడం. ఈ ముక్క నాన్నకి ఏ ఉత్తరంలోనూ రాయలేదు. "ఫారంలో పని" అని రాసేదాన్ని. కోళ్ల ఫారం అనుకున్నాడు పాపం. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

అది మింకుల ఫారం. మింకు అంటే మన ముంగిసకి చుట్టంలా ఉంటుంది. పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు, మూరెడు పొగరు. వేలు అందిస్తే ఎముకదాకా కొరుకుతుంది. దాని బొచ్చు మాత్రం, చెయ్యి పెడితే తియ్యబుద్ధి కాదు. ఆ బొచ్చు కోట్ల కోసమే ఆ ఫారాలన్నీ. సియాటిల్ పక్కన రెడ్‌మండ్ దాటి తూర్పుకి అరగంట పోతే కొండల కింద ఒక లోయ, లోయ పొడుగునా ఏరు, ఏటికి ఈ పక్క మా ఫారం. ఇవాళ రెడ్‌మండ్ అంటే సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఎటు చూసినా మనవాళ్లే, ఆదివారం తెలుగు చర్చికి వెళితే పార్కింగ్ దొరకదు. నేను చెప్పేది ఎనభైల మొదట్లో మాట. అప్పుడక్కడ గుర్రాల కొట్టాలు, గడ్డి పొలాలు, వాన. తెలుగు మాట చెవిన పడాలంటే గంటసేపు డ్రైవ్ చెయ్యాలి.

ఫారం యజమానికి డెబ్బై దగ్గర పడ్డాయి. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. మాలో మేము ఆయన్ని పెద్దాయన అనుకునేవాళ్లం. ఆయన తండ్రి నక్కలతో మొదలెట్టాడట. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ల మెడ చుట్టూ వెండి నక్క ఉండాల్సిందేనట. తర్వాత ఆ మోజు పోయింది, నక్కలూ పోయాయి, మింకులు వచ్చాయి. రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీల్లో మిగిలిన తలలూ తోకలూ చవగ్గా దొరికేవి కాబట్టి ఆ లోయలో చాలామంది మింకుల్లోకే దిగారు. "పొద్దున్నే ఈ రోడ్డు మీద నడిస్తే, ఎవరు ఏ చేప మేపుతున్నారో వాసన చూసి చెప్పేవాణ్ణి" అనేవాడు పెద్దాయన. మేం చేరేసరికే ఆ ఫారాల్లో సగానికి సగం షెడ్లు ఖాళీ. రేకులు ఊడిపోయి, ముళ్లకంప అల్లుకుని, చూస్తే దిగులు పుట్టేది.

మా ఆయన పశువుల డాక్టరు. ఒంగోలు దగ్గర గవర్నమెంటు ఆస్పత్రిలో దర్జాగా సంతకాలు పెట్టిన మనిషి. ఇక్కడ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి రాసేలోగా ఏదో ఒక జాబ్ కావాలి, గ్రీన్ కార్డుకి స్పాన్సర్ కావాలి. పెద్దాయన రెండూ ఇచ్చాడు. షెడ్ల పక్కన రెండు గదుల ఇల్లు కూడా ఇచ్చాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా కూడా దేవుడు నాకే ఇచ్చాడు.

ఫారంలో నల్లవి, గోధుమరంగువి ఎన్ని ఉన్నా, పెద్దాయన ప్రాణమంతా ఒక్క షెడ్డు మీదే. అందులో మింకులు బూడిదరంగులో నీలం కలిసినట్టుండేవి. నేను వాటికి నీలాలు అని పేరు పెట్టాను. ఎప్పుడో ఒక ఈతలో నల్లపిల్లల మధ్య పాలిపోయిన పిల్ల ఒకటి పుడితే, "పనికిరాదు, పారెయ్" అన్నాడట పెద్దాయన తండ్రి. పెద్దాయన భార్య దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుపోయి వంటింట్లో పెంచింది. దాని పిల్లలు, వాటి పిల్లలు, ఏరి ఏరి జతకట్టి, ఇరవై ఏళ్లు కూర్చుని ఆవిడ తయారుచేసిన రంగు అది. ఇంకెవరి దగ్గరా లేదు. ఆవిడ పోయాక పెద్దాయన రోజూ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఆ షెడ్డులోకి వెళ్లేవాడు. సమాధి దగ్గరికి వెళ్లడం మాత్రం నేను చూడలేదు.

మింకులు ఏప్రిల్ చివర్లో ఈనుతాయి. పిల్లలు చిటికెన వేలంత ఉంటాయి, ఎర్రగా, ఒంటిమీద నూగైనా లేకుండా. ఆ మూడు వారాలూ ఫారంలో దగ్గొచ్చినా మింగెయ్యాలి. తల్లికి బెదురు పుట్టిందా, పిల్లల్ని నోట కరుచుకుని పెట్టెలో గిరగిరా తిరుగుతుంది, తొక్కేస్తుంది, చివరికి తినేస్తుంది. పక్క పొలం ఆసామికి చిన్న విమానం ఉండేది. ఆయన పెద్దాయనకి ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. నీలాల షెడ్డుకి రేకులు కప్పింది వాళ్లిద్దరే. ఏటా ఏప్రిల్‌లో పెద్దాయన ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఈతలయ్యేదాకా ఆయన విమానం బయటికి తీసేవాడు కాదు. తప్పనిసరైతే ఏటికి అవతలగా, బాగా ఎత్తులో పోయేవాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఆ ఏడు ఈస్టర్ బాగా ఆలస్యంగా వచ్చింది. మా తెలుగు సంఘం అంటే ఎంతని, పదిహేను కుటుంబాలు. నర్సులు, ఇంజనీర్లు. ఏటా ఎవరిదో అమెరికన్ చర్చి బేస్‌మెంటులో హీటరు పక్కన కూర్చుని, గొంతు పెగలకుండా ఈస్టర్ చేసుకునేవాళ్లం. నాకు ఒళ్లు మండేది. మా పల్లెలో ఈస్టర్ అంటే కోడి కూయకముందే అందరం లేచేవాళ్లం. మా నాన్న డప్పు కాచి భుజానికి తగిలించుకుని ముందు నడిస్తే, మేమంతా పాడుకుంటూ వీధి వీధీ తిరిగి, తూర్పున మెరక మీదికి చేరి, సూర్యుడు కనపడగానే "క్రీస్తు లేచెను!" అని కేక పెట్టేవాళ్లం. మిగతా రోజుల్లో ఊరివాళ్లు చావుకీ చాటింపుకీ మాచేత కొట్టించుకున్న డప్పుని, ఆ ఒక్కరోజు మా నాన్న మాకోసం కొట్టేవాడు. నాకూ నేర్పాడు. "ఆడపిల్లకి డప్పేంటయ్యా?" అన్నవాళ్లతో, "లేచినాయన్ని ముందు చూసింది ఆడవాళ్లేగా?" అనేవాడు. ఆ డప్పు నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున అమెరికా వచ్చింది.

"ఏవండీ, ఈసారి ఈస్టర్ మన ఫారంలో చేద్దామండీ. తెల్లవారుజామున, ఆకాశం కింద" అన్నాను మా ఆయనతో.

"నీకేమన్నా మతిపోయిందా? ఈనే రోజులు."

"ఏటి ఒడ్డున చేద్దాం. షెడ్లకి అంత దూరం. పాటలే, అదీ మెల్లగా."

"డప్పు?"

"డప్పు లేదు."

"ఒట్టు?"

"ఒట్లేంటండీ, విశ్వాసులమయ్యుండి" అని నవ్వేశాను.

ఆ ఆదివారం మా ఆయనా పెద్దాయనా చీకటితోనే ట్రక్కు తీసుకుని మేత చేపల కోసం రేవుకి వెళ్లాలి. వాళ్లు వచ్చేసరికి మావాళ్లు తిని వెళ్లిపోతారు. ఇంత దానికి పెద్దాయనకి చెప్పడం దేనికి అన్నాను. మా ఆయన తల గోక్కుని ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే నేను గెలిచినట్టే లెక్క.

పొద్దున్నే అందరూ వచ్చారు. పట్టుచీరలు, వాటి మీద స్వెట్టర్లు, పిల్లలు, ఇద్దరు ముసలమ్మలు. చూస్తే ఏరు పొంగి ఒడ్డంతా బురద. కాలు పెడితే మడమ దాకా దిగుతోంది. నిలబడ్డానికి పొడినేల ఉన్నది ఒక్క చోటే, నీలాల షెడ్డు పక్కన కంకర మెరక. సరిగ్గా తూర్పు ముఖం. ప్రతి పెట్టెకీ ఒక కార్డు వేలాడుతుంది, దాని మీద జతకట్టిన తేదీ, ఈనే తేదీ రాసుంటాయి. ముందు ఈనేది బుధవారం అని నేను చూసే ఉన్నాను. మా ఇంట్లో గేదెలు ఈనిన లెక్క నాకు తెలుసు, రోజులు కట్టి చెబితే అటూ ఇటూగా అదే రోజు. మింకుకి ఆ లెక్క కుదరదు. దాని కడుపులో పిండం తన ఇష్టం వచ్చినన్నాళ్లు ఆగి అప్పుడు పెరుగుతుంది, అందుకని వారం ముందూ కావచ్చు, వారం వెనకా కావచ్చు. మా ఆయన్ని అడిగుంటే చెప్పేవాడు. నేను అడగలేదు. ఇంకా మూడు రోజులుందిలే అని అందర్నీ మెరక మీదికి తీసుకుపోయాను.

చలికి చిన్న నెగడు వేశాం. మెల్లగా పాడాం. సంఘపెద్ద వాక్యం చదివాడు. కొండల వెనక నుంచి సూర్యుడు వచ్చాడు. "క్రీస్తు లేచెను" అన్నారు అందరూ, బ్యాంకు కౌంటర్ దగ్గర పేరు చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఆకాశం కింద నిలబడి, ఇదా లేవడం? ఇంట్లోకి పోయి డప్పు తెచ్చి నెగడు మీద కాచాను.

"అమ్మా, ఇక్కడ డప్పు కొట్టొచ్చా? నాయిస్ అని ఎవరైనా కంప్లైంట్ చేస్తారేమో" అన్నాడు సంఘపెద్ద.

"ఎవరున్నారండీ ఇక్కడ వినడానికి?" అన్నాను.

కొట్టాను. మా నాన్న దెబ్బ, మా వీధి దెబ్బ. ముసలమ్మలకి కూడా కాళ్లు ఆగలేదు. పిల్లలు ఎగిరారు. ఈసారి కేక పెడితే ఏటి అవతల కొండలు తిరిగి కేక పెట్టాయి. జీవితంలో అంత సంతోషం నేను మళ్లీ ఎరగను, నిజం చెబుతున్నాను. మధ్యలో షెడ్డులోంచి గోళ్ల గీకుడు వినిపించింది. తెల్లారింది, లేచాయిలే అనుకున్నాను. అరగంట కొట్టాను.

పులిహోర తిని, కేకు తిని, ఫొటోలు తీసుకుని ఎవరి కార్లలో వాళ్లు పోయారు. పదింటికి ట్రక్కు వచ్చింది. మధ్యాహ్నం పెద్దాయనా మా ఆయనా మేత వేస్తూ నీలాల షెడ్డులోకి వెళ్లారు. ఎంతకీ బయటకి రారు. నేను నీళ్ల బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్లాను.

పెద్దాయన ఒక పెట్టె మూత ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డి మీద నెత్తురు, ఏదో ఎర్రటి ముక్క, ఒక మూల తల్లి వణుకుతూ. మా ఆయన తర్వాతి మూత ఎత్తాడు. అదీ అంతే. ఆ తర్వాతిది కూడా. బుధవారం ఈనాల్సినవి శనివారం రాత్రే ఈనేశాయి. మిగతావి ఆ తెల్లవారుజామున ఈనినట్టున్నాయి. ఏ పెట్టెలోనూ ఒక్క పిల్ల కీచుమనలేదు. బకెట్టు కింద పెట్టేశాను.

పెద్దాయన మూత మెల్లగా దించాడు. ఆయన ఇంగ్లీషు మాటలు నా తెలుగులో చెబుతున్నాను. "వచ్చేటప్పుడు దారిలో వాడి విమానం పైన కనిపించింది. ఈస్టర్ కదా, కొడుకు ఇంటికి పోతున్నాడు కాబోలు. నువ్వు పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నావుగా. ఇటుమీదుగా పోయిందా? కిందుగా పోయిందా?"

విమానం సంగతి నాకసలు తెలియదు. మావాళ్ల సందడిలో ఏం వినపడుతుంది? మా ఆయన నా వైపు చూశాడు. కంకర మీద నెగడు బూడిద, కేకు పేపరు ప్లేటు ఒకటి ఆయన కంటపడే ఉంటాయి. పెద్దాయన చూపంతా పెట్టెల మీదే.

"అవును సార్, బాగా కిందుగా" అన్నాను.

ఎందుకన్నాను? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆలోచించి చెప్పిన అబద్ధమైనా కాదు, నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. పెద్దాయన తల ఊపి, నేరుగా ఇంట్లోకి పోయి ఫోన్ ఎత్తాడు. కిటికీలోంచి ఆయన అరుపులు వినిపించాయి. అంతకుముందు ఆ మనిషి అరవగా నేను వినలేదు.

ఇంటికి రాగానే మా ఆయన తలుపు వేసి, "డప్పు కొట్టావా?" అని ఒక్కటే అడిగాడు.

"కొట్టాను."

"పద, చెప్పేద్దాం."

"చెప్పి? రేపు పొద్దున మూటాముల్లే సర్దుకుని ఎక్కడికి పోదామని? ఎంప్లాయర్ లెటర్ ఆయన సైన్ చెయ్యాలి. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ రావాలి. స్పాన్సర్‌షిప్ విత్‌డ్రా చేశాడనుకో, నీ గెజిటెడ్ సంతకం ఎవడిక్కావాలి ఇక్కడ?" కోపమొస్తే నాకు మీరు పోయి నువ్వు వచ్చేస్తుంది. "ఇంటర్వ్యూ అయిన మర్నాడు నేనే చెబుతా. అప్పటిదాకా నోరు మూసుకో."

ఆయన నోరు మూసుకున్నాడు.

పక్క పొలం ఆసామి జూన్‌లో ఒకరోజు కాలినడకన మా గుమ్మంలోకి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మాయ్, వాడు నా ఫోన్ ఎత్తడం లేదు. నేను ఆరోజు ఏటికి అవతలగా పోయాను, ఎత్తులో పోయాను. పైగా నేను బయలుదేరింది తొమ్మిది దాటాక. నువ్వు విన్నది నిజంగా నా ఇంజనేనా?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.  "నేను విన్నది చెప్పాను సార్" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎండాకాలం పోకముందే ఆ విమానం అమ్మేశాడు.

అసలు కష్టం ఇంకా ముందుంది. మింకుల ఫారంలో ఒక పద్ధతి ఉంది. పిల్లల్ని తిన్న తల్లిని మరుసటి ఏడాదికి ఉంచరు. కార్డు మీద ఎర్ర గీత గీసి, నవంబరులో తోలుకి పంపేస్తారు. ఒకసారి తిన్నది మళ్లీ తింటుందని వాళ్ల నమ్మకం. పైన పోయే విమానానికి మిగతా షెడ్లు బెదరలేదు, నీలాలే బెదిరాయంటే తప్పు వాటి రక్తంలోనే ఉందని పెద్దాయన లెక్క. నీలాల షెడ్డులో ఆడవాటన్నిటికీ ఆ ఏడు ఎర్రగీతే. అవన్నీ పోతే, ఉత్త మగవాటితో జాతి నిలవదు, నీలాలే పోతాయి. ఇంక ఆ రంగు ఉండదు. అవి చెడ్డ తల్లులు కావు, పక్కనే డప్పు మోగితే బెదిరాయి అని ఒక్క మాట చెబితే చాలు, పెద్దాయన ఆ గీతలు కొట్టేస్తాడు. ఆ ఒక్క మాట నా దగ్గర ఉంది. ఇంటర్వ్యూ డిసెంబరుకి వేశారు.

ఎండాకాలమంతా ఆ షెడ్డుకి నీళ్లు పోసింది నేనే. ప్రతి పెట్టె దగ్గరా ఎర్రగీత. కొన్ని నన్ను గుర్తుపట్టి తడిక దగ్గరికి వచ్చేవి. "మీరేం చెయ్యలేదే తల్లీ" అని గొణుక్కునేదాన్ని. వాటికి చెప్పుకుని ఏం లాభం?

నవంబరులో చలి ముదిరాక పెద్దాయన, మా ఆయన ఎంపికకి దిగారు. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి. కార్డులు పట్టుకుని వెనక నేను. నీలాల దగ్గరికొచ్చేసరికి పెద్దాయన నిలబడిపోయాడు. ఒకదాన్ని తోలు గ్లవుజుతో పట్టి పైకెత్తి, బొచ్చు మీద నోటితో ఊదాడు. నీలం విచ్చుకుంది. "ఇంత బొచ్చు ఎప్పుడూ రాలేదు" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "డాక్టర్, వీటికి ఇంకో ఏడాది ఇవ్వమంటావా? అన్నీ ఒక్కసారే తినడం నేనెప్పుడూ చూడలేదు."

"ఇవ్వండి సార్" అన్నాడు మా ఆయన.

"ఎందుకివ్వాలి? కారణం చెప్పు. మా నాన్న పద్ధతి తప్పించాలంటే కారణం కావాలి."

మా ఆయన నా వైపు చూశాడు. చెప్పెయ్యడానికి నోరు తెరిచాడు కూడా. నేను కళ్లురిమాను. ఆయన నోరు మూతపడింది. పెద్దాయన నన్ను అడిగాడు. "రోజూ నీళ్లు పోసేది నువ్వు. నువ్వేమంటావు? ఉంచనా?"

ఆయన అడుగుతున్న తీరు చూస్తే, ఎవరో ఒకరు ఉంచమనాలని బతిమాలుతున్నట్టే ఉంది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇవాళ అనను.

"నాకేం తెలుసు సార్, మీ ఇష్టం" అన్నాను.

పెద్దాయన ఆ మింకుని మళ్లీ పెట్టెలో పెట్టి, ఎర్రగీత కొట్టెయ్యకుండానే కార్డు నాకు తిరిగిచ్చాడు. మూడుసార్లు అడిగారు నన్ను. మూడుసార్లూ నిజాన్ని కాదన్నాను. ఇప్పటికీ గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో, కోడి కూసేలోగా యేసుని ఎరగనని పేతురు మూడుసార్లు బొంకిన అధ్యాయం చదవడం మొదలెడితే నేను పిల్లలకి మంచినీళ్లు తెచ్చే నెపంతో బయటికి పోతాను.

ఆ తోళ్లు గీకింది నేనే. తోలుని లోపలి పక్క బయటికి తిప్పి దిమ్మకి తొడిగి, మొండి కత్తితో కొవ్వు తీస్తారు. చెయ్యి జారితే బొచ్చు కుదుళ్లు తెగి తోలు పాడవుతుంది. మా తాత రక్తం కదా, నా చెయ్యి జారేది కాదు. ఒక్కటి కూడా పాడుచెయ్యకుండా అన్నీ గీకాను. తర్వాత రంపపు పొట్టుతో దొర్లించి, పలకలకి బిగించి ఆరబెట్టారు. ఫిబ్రవరిలో సియాటిల్ వేలంలో కొరియా నుంచి, జపాన్ నుంచి వచ్చినవాళ్లు ఆ నీలాల కట్ట చుట్టూ మూగారట. వేలంలో అన్నిటికన్నా ఎక్కువ ధర వాటికే పలికిందట. పెద్దాయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, కాఫీ కప్పు పట్టుకుని అలవాటుగా ఖాళీ షెడ్డులోకి వెళ్లాడు.

డిసెంబరులోనే మా ఇంటర్వ్యూ అయింది. లెటర్ మీద పెద్దాయన సంతకంతో పాటు, అడగకుండానే, ఇంత నమ్మకమైన మనుషుల్ని నేను చూడలేదని కింద చేత్తో రాశాడు. ఆఫీసరు ఆ వాక్యం చదివి నవ్వుతూ మాకు కంగ్రాచ్యులేషన్స్ చెప్పాడు. మర్నాడు చెబుతానన్నదాన్ని. చెప్పలేదు. చెప్పి ఇంకేం లాభం, పోయినవి రావు కదా అని సాకు వెతుక్కున్నాను. గ్రీన్ కార్డులు చేతికొచ్చిన రోజున పెద్దాయన ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. రెండు నీలం తోళ్లు వేలానికి పంపకుండా దాచి, నా కోటుకి కాలరు పట్టీ కుట్టించాడు. "మా ఆవిడ ఉంటే నీకు ఇదే ఇచ్చేది" అన్నాడు. దాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

మరుసటి ఏడాది మా ఆయన పరీక్ష పాసై టౌన్లో ఆస్పత్రిలో చేరాడు. మేం వెళ్లిపోయాం. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి మళ్లీ రాలేదు. కానీ ఆయన నాకు ఎదురు చెప్పడం మానేశాడు, సరదాకి కూడా. అది నాకు శిక్షలానే ఉండేది.

ఎనభైల చివరికి మింకుల పని అయిపోయింది. దేశదేశాల్లో అందరూ మింకులు పెంచేసరికి తోళ్లు కుప్పలు పడ్డాయి. మరోపక్క సియాటిల్ నడిబొడ్డున బొచ్చు కోటు వేసుకుని నడిచే ఆడవాళ్ల వెంటపడి "సిగ్గులేదా?" అని కుర్రకారు అరిచేవాళ్లు. పెద్దాయన షెడ్లు ఎత్తేస్తున్నాడని తెలిసింది. సామాను సర్దడానికి సాయం చేస్తానని చెప్పి, కాలరు పట్టీ ఉన్న అట్టపెట్టె బ్యాగులో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను.

ఆయన బాగా వంగిపోయాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోశాడు. నేను కప్పు ముట్టుకోలేదు. పెట్టె బల్లమీద పెట్టి మొత్తం చెప్పేశాను. డప్పు, మెరక, విమానం, జూన్‌లో స్నేహితుడు మా గుమ్మంలోకి రావడం, నవంబరులో నన్నడిగినప్పుడు నాకేం తెలుసనడం. ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు కూడా రాలేదు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయితే వాడు ఎత్తులోనే పోయాడన్నమాట" అన్నాడు.

లేచి సొరుగు తీశాడు. అందులో క్రిస్మస్ కవర్లు, ఏడాదికొకటి, అన్నీ అంటించినవి అంటించినట్టే. చాండ్లర్, అరిజోనా అని పోస్టు ముద్ర. పొలం అమ్మేసి ఆ స్నేహితుడు ఎండ వెతుక్కుంటూ అక్కడికి వెళ్లిపోయాడు. పెద్దాయన ఒక కవరు చింపాడు. తొందరలో లోపలి కార్డు కూడా కొంచెం చిరిగింది. కింద ఫోన్ నంబరు ఉంది. గోడ దగ్గరికి వెళ్లి నంబరు తిప్పి, మోగుతుండగానే ఫోన్ నాకందించాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

అవతల పలికింది ఆయనే. నేనెవరో చెప్పాను. ఆరోజు నేను ఏ ఇంజనూ వినలేదని, డప్పు కొట్టింది నేనని, మీ మీద అబద్ధం చెప్పానని చెప్పాను.  కోపంతో పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"పోనీలే. అయితే ఆవిడ నీలాలు ఉన్నాయన్నమాట" అన్నాడు. "పక్కనే డప్పు మోగి బెదిరితే తల్లి తప్పు కాదని వాడికి తెలుసు. ఉంచే ఉంటాడు. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదండీ" అన్నాను.

పెద్దాయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, మధ్యలో ఒకసారి నవ్వు మాత్రం వినిపించింది. చాలాసేపటి తర్వాత తలుపు తీసుకుని పెద్దాయన వచ్చాడు. చేతిలో నా అట్టపెట్టె.

"ఇది ఇక్కడ వదలకు" అన్నాడు. "ఆ రంగు ఇంకెక్కడా మిగల్లేదు. నీ దగ్గరే ఉండాలి."

రెండు చేతులా తీసుకున్నాను.